జియోజీబ్రా: కారణాంకాలు తప్పితే పరావలయమే చెప్పేస్తుంది

పదో తరగతిలో వర్గ సమీకరణాల పాఠం నడుస్తుంటే ఇంటి పెద్దలు అడిగే మాట ఒకటుంది: "సార్, గ్రాఫు గీసే యాప్ ఏదో ఉందంట గదా, పిల్లగానికి ఫోన్ ఇయ్యాల్నా, వద్దా?" ఇవ్వొచ్చు. కాని ఏ యాప్ ఇవ్వాలి, దానితో ఏం చేయించాలి, ఎక్కడ పక్కన పెట్టించాలి అన్నది తెలుసుకొని ఇవ్వాలి. ఇక్కడ పరిశీలిస్తున్నది జియోజీబ్రా గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ని. అదీ ఒకే ఒక్క పనికి: వర్గ బహుపదిని కారణాంకాలుగా విడగొట్టి, దాని పరావలయం (గిన్నె ఆకారంలో వచ్చే గ్రాఫు గీత) x-అక్షాన్ని ఏ బిందువుల దగ్గర ఖండిస్తుందో కనుక్కోవడానికి. త్రికోణమితికి, త్రీడీ బొమ్మలకు అది ఎట్లా పనికొస్తుందన్నది వేరే సంగతి. ఈ ఒక్క పనికి ఐదింట నాలుగు మార్కులు వేస్తాం. ఒక మార్కు ఎందుకు కోశామో కూడా వివరంగా చెబుతాం, ఎందుకంటే పిల్లలు మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

జియోజీబ్రాను 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టారు. చదువుకునే పిల్లలకు ఉచితం. కంప్యూటర్ ఉంటే ఖాతా కూడా తెరవకుండా బ్రౌజర్లోనే వాడొచ్చు. ఫోన్లో ఒకసారి దించుకుంటే తర్వాత నెట్ లేకున్నా గ్రాఫు గీస్తుంది. ఈ చివరి మాట మన దగ్గర చాలా ముఖ్యం. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఊళ్లలో పగలంతా నాన్నతో పొలానికి పోయే ఫోన్ రాత్రి గంటసేపు పిల్లల చేతికొచ్చే ఇండ్లు చాలా ఉన్నాయి. అప్పటికి ఆ రోజు డేటా అయిపోయినా లెక్క ఆగదు. ప్లే స్టోర్లో ఇదే పేరుతో నాలుగైదు యాప్‌లు కనిపిస్తాయి. జామెట్రీ, త్రీడీ, సైంటిఫిక్ అన్నవి ఈ పాఠానికి అక్కర్లేదు. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అని ఉన్నదే తీసుకోండి. అన్నీ కలిపిన కాలిక్యులేటర్ సూట్ తీసుకున్నా ఇబ్బంది లేదు.

ముందు చేతిపని. y = x² − x − 12 తీసుకుందాం. పరావలయం x-అక్షం మీద ఉన్న చోట y సున్నా. కాబట్టి x² − x − 12 = 0. లబ్ధం −12, మొత్తం −1 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. లబ్ధం రుణం గనుక ఒకటి ధనం, ఒకటి రుణం. మొత్తం కూడా రుణం గనుక పెద్దదానికే మైనస్. 12ని 1×12, 2×6, 3×4గా రాస్తే, తేడా 1 ఉన్నది 3, 4 జంట మాత్రమే. అంటే −4, +3. కాబట్టి (x − 4)(x + 3) = 0. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితే వాటిలో కనీసం ఒకటి సున్నా కావాల్సిందే. x = 4 లేదా x = −3. ఖండన బిందువులు (4, 0), (−3, 0). ఈ మొత్తం కాగితం మీద అయ్యాకే ఫోన్ తీయాలి. ముందే గ్రాఫు చూసేస్తే 4, −3 కళ్లముందు ఉంటాయి. ఇక 3, 4 జంటను వెతికే అవసరమే రాదు, ఆ వెతకడం అలవాటు కానివాడికి పరీక్ష హాల్లో చెయ్యి ఆడదు.

ఇక యాప్‌లో టైపు చేయడం. మొదటి వరుసలో f(x) = అని మొదలుపెట్టి అసలు బహుపదిని వేయాలి. వర్గం కోసం కీబోర్డులో 2 ఘాతం ఉన్న మీటనే నొక్కండి. టోపీ గుర్తు (^) వాడితే కర్సర్ ఘాతంలోనే ఉండిపోయి, తర్వాత కొట్టే − x − 12 కూడా పైకి ఎక్కే ప్రమాదం ఉంది. అప్పుడు తెర మీద వచ్చేది పరావలయం కాదు, ఏదో వింత గీత. పిల్లలు "యాప్ తప్పు చూపిస్తుంది" అనేది చాలావరకు ఇట్లాంటప్పుడే. ఘాతం వేశాక కుడివైపు బాణం ఒకసారి నొక్కితే కర్సర్ కిందికి దిగుతుంది. వరుసలో 12 అన్నది x పక్కనే, అదే సైజులో కనిపిస్తుందా అని ఒక చూపు చూస్తే చాలు.

రెండో వరుసలో g(x) = అని పెట్టి మీరు కాగితం మీద తేల్చిన కారణాంకాలను వేయాలి: (x − 4)(x + 3). ఈ యాప్‌కు మేం ఎక్కువ మార్కులు వేసింది ఈ రెండో వరుస కోసమే. కారణాంకాలు సరైతే f, g రెండూ ఒకే పరావలయం. ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయి ఒక్క రంగే కనిపిస్తుంది. అనుమానముంటే వరుస పక్కనున్న రంగు చుక్కను నొక్కి ఒకదాన్ని దాచండి, మళ్లీ తెప్పించండి. గీత అంగుళం కూడా కదలకపోతే లెక్క సరిపోయినట్టే.

తప్పైతే రెండు గీతలు విడిపోతాయి. ఎట్లా విడిపోయాయన్నదే ఏ తప్పు చేశారో చెబుతుంది. ఇది ఏ గైడులోనూ దొరకని సాయం.

గుర్తులు తారుమారు చేసి (x + 4)(x − 3) వేశారనుకోండి. అది x² + x − 12. తెర మీద f, g అద్దంలో బొమ్మల్లా y-అక్షానికి ఇటొకటి అటొకటి నిలబడతాయి. రెండూ (0, −12) దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి. అద్దంబొమ్మ కనిపించిందంటే జంట సరైనదే, మైనస్ పెట్టాల్సిన సంఖ్య మారిందని అర్థం. మళ్లీ మొదటినుంచి చేయక్కర్లేదు, గుర్తులు మార్చుకుంటే చాలు.

జంటే తప్పు తీసుకుంటే, అంటే లబ్ధం −12 చూసుకొని మొత్తం చూసుకోకుండా (x − 6)(x + 2) వేస్తే, అది x² − 4x − 12. ఈసారి కూడా రెండు గీతలు y-అక్షం మీద −12 దగ్గరే కలుస్తాయి, కాని అద్దంబొమ్మ రాదు. g కుడికి, కిందికి జరిగి ఉంటుంది. y-అక్షం మీద కలిసి మిగతా చోట్ల విడిపోతే లబ్ధం సరి, మొత్తం తప్పు.

y-అక్షం మీదే వేర్వేరు చోట్ల ఉంటే లబ్ధంలోనే తేడా. (x − 4)(x − 3) వేసినవాడికి g గీత y-అక్షాన్ని +12 దగ్గర దాటుతుంది, f మాత్రం −12 దగ్గర. లబ్ధం గుర్తు మరిచిపోయాడన్నమాట.

నాలుగోది అన్నిటికన్నా మోసపూరితమైనది. f(x) = 2x² − 10x + 12 ఇచ్చారు. పిల్లవాడు 2 ఉమ్మడిగా తీసి, x² − 5x + 6ను (x − 2)(x − 3)గా విడగొట్టి, బయటికి తీసిన 2ను రాయడం మరిచాడు. x-అక్షం మీద రెండు గీతలూ 2, 3 దగ్గరే ఖండిస్తాయి. సమీకరణాన్ని సాధించమంటే జవాబు సరైనదే. కారణాంకాలుగా విడగొట్టమంటే మాత్రం తప్పు. తెర మీద ఒకే రెండు బిందువుల గుండా పోయే రెండు గీతలు, ఒకటి ఇరుకుగా, ఒకటి వెడల్పుగా కనిపిస్తాయి. అసలు గీత అడుగు (2.5, −0.5) దగ్గర, తప్పు గీత అడుగు (2.5, −0.25) దగ్గర. y-అక్షం మీద ఒకటి 12, ఒకటి 6. ఇదే తప్పు మైనస్‌తో జరిగితే, అంటే −x² + x + 12లో బయటి మైనస్ వదిలేస్తే, ఒక పరావలయం బోర్లించిన గిన్నెలా, ఇంకొకటి మామూలు గిన్నెలా వస్తాయి. ఖండన బిందువులు మాత్రం అవే.

ఈ నాలుగు బొమ్మలూ ఒక సాయంత్రం కూర్చొని కావాలని తప్పులు వేసి చూపిస్తే చాలు. ఆ తర్వాత పిల్లలు యాప్ లేకుండా కూడా గుణించి సరిచూసుకునేటప్పుడు ముందు చివరి పదం, తర్వాత మధ్యపదం, ఆ తర్వాత x² గుణకం చూసుకోవడం వాళ్లంతట వాళ్లే మొదలుపెడతారు.

ఐదో తప్పు ఒకటుంది, దీన్ని ఈ పద్ధతి పట్టుకోదు. కారణాంకాలు సరిగ్గా (x − 4)(x + 3) అని రాసి, కింద జవాబులో x = −4, 3 అని వేసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. బ్రాకెట్లో కనిపించిన సంఖ్యను గుర్తుతో సహా ఎత్తుకొచ్చేస్తారు. f, g గీతలు అతుక్కునే ఉంటాయి గనుక "సరిపోయింది" అనుకుంటారు. అందుకే మూడో వరుసలో f(−4) అని, నాలుగో వరుసలో f(3) అని వేయించండి. మొదటిది 8, రెండోది −6 అని చూపిస్తుంది. సున్నా రావాల్సిన చోట 8 వచ్చిందంటే ఆ బిందువు x-అక్షం మీద లేదు, 8 యూనిట్లు పైన ఉంది. f(4), f(−3) వేస్తే రెండూ సున్నా.

x² గుణకం 1 కానప్పుడు కథ కొంచెం పెద్దది. 6x² − x − 2 చూడండి. మొదటి గుణకాన్నీ స్థిరపదాన్నీ గుణిస్తే −12. మొత్తం −1. జంట −4, +3. మధ్యపదాన్ని విడగొడితే 6x² + 3x − 4x − 2. మొదటి రెంటిలో 3x ఉమ్మడి: 3x(2x + 1). చివరి రెంటిలో −2 ఉమ్మడి: −2(2x + 1). ఇక్కడే సగం తప్పులు. మైనస్ బయటికొచ్చినప్పుడు లోపలి గుర్తు మారాలి, −4x − 2 లోంచి −2 తీస్తే లోపల మిగిలేది 2x + 1. చాలామంది 2x − 1 అని రాసి, రెండు బ్రాకెట్లు ఒకటి కాకపోయేసరికి లెక్కే తప్పని కొట్టేసి జంట కోసం మళ్లీ వెతుకుతారు. జంట మంచిదే, గుర్తు ఒక్కటే మారింది. పదాలను అటుఇటు మార్చి 6x² − 4x + 3x − 2 అని రాసుకుంటే 2x(3x − 2) + 1(3x − 2) వస్తుంది, మైనస్ బాధ ఉండదు. కాని అక్కడ ఆ 1 రాయకుండా వదిలేసి, కారణాంకం 2x ఒక్కటే అనుకునే తప్పు ఇంకొకటి పొంచి ఉంటుంది. 1 తప్పకుండా రాయించండి. చివరికి (3x − 2)(2x + 1), మూలాలు 2/3, −1/2.

ఈ మధ్య అంచెలను జియోజీబ్రా చూపించదు. మేం కోసిన మార్కులో మొదటి సగం దీనికే. ఫ్యాక్టర్ అన్న ఆదేశాన్ని ఇంగ్లిష్‌లో టైపు చేసి బ్రాకెట్లో బహుపది వేస్తే నేరుగా కారణాంకాలు ఇచ్చేస్తుంది. 3x, −4xగా ఎట్లా విడిపోయిందో, ఉమ్మడి ఏది తీశామో ఏమీ ఉండదు. జవాబు పత్రంలో ఆ అంచెలు లేకుండా చివరి వరుస ఒక్కటే రాస్తే మార్కులు నిండుగా రావు.

రెండో సగం దశాంశాలకు. పరావలయం మీద వేలు పెడితే అది అక్షాలను ఖండించే బిందువులు, అడుగు బిందువు చుక్కలుగా కనిపిస్తాయి, చుక్క మీద నొక్కితే నిరూపకాలు వస్తాయి. కాని మామూలుగా రెండు దశాంశ స్థానాల వరకే. పై లెక్కలో 2/3 బదులు 0.67 అని చూపిస్తుంది. పిల్లవాడు దాన్నే జవాబుగా రాస్తాడు. 0.67ను 6x² − x − 2లో వేసి చూడండి: 6 × 0.4489 = 2.6934, అందులోంచి 2.67 తీస్తే 0.0234. సున్నా కాదు. అంటే (0.67, 0) ఈ పరావలయం మీద లేదు. తెర మీద మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది. సెట్టింగులలో దశాంశ స్థానాలు పెంచుకోవచ్చు, పెంచితే 0.66667 అంటుంది, 2/3 అనదు. 0.33, 0.67, 0.17 లాంటివి కనిపిస్తే వెంటనే భిన్నం గుర్తుకు రావాలి, ఆ భిన్నాన్ని కారణాంకం నుంచే తీయాలి. 3x − 2 = 0 అయితే x = 2/3, అంతే.

ఫ్యాక్టర్ ఆదేశంతో ఇంకో జాగ్రత్త. x² − 4x + 1 ఇస్తే అది ఇచ్చిందే మళ్లీ తిరిగి ఇస్తుంది. దీన్ని చూసి "మూలాలు లేవు" అనుకోకూడదు. గ్రాఫు చూస్తే పరావలయం x-అక్షాన్ని 0.27, 3.73 దగ్గర చక్కగా ఖండిస్తూ కనిపిస్తుంది. అసలు విలువలు 2 − √3, 2 + √3. ఆ ఆదేశం అకరణీయ సంఖ్యలతోనే విడగొడుతుంది, మనం బళ్లో మధ్యపదం విడగొట్టేదీ అట్లాగే. కాబట్టి వెతుకులాట మొదలుపెట్టే ముందు విచక్షణి లెక్కగట్టడం మంచి అలవాటు. b² − 4ac పరిపూర్ణ వర్గమైతే కారణాంకాలు తప్పకుండా దొరుకుతాయి. 6x² − x − 2కు 1 + 48 = 49, అంటే 7 వర్గం, దొరికింది. x² − 4x + 1కు 16 − 4 = 12, వర్గం కాదు, ఇక జంట కోసం రాత్రంతా వెతికినా రాదు. వర్గ సమీకరణ సూత్రానికి పోవాలి. 3x² + x + 1కు 1 − 12 = −11, రుణం. పరావలయం మొత్తం x-అక్షానికి పైనే ఉండిపోతుంది.

విచక్షణి సున్నా అయిన చోట కళ్లను నమ్మొద్దు. x² − 6x + 9 అంటే (x − 3)², అక్షాన్ని 3 దగ్గర తాకి వెనక్కి తిరుగుతుంది. దాని పక్కన x² − 6x + 8.99, x² − 6x + 9.01 కూడా వేసి చూడండి. ఫోన్ తెర మీద మూడూ ఒకే గీతలా కనిపిస్తాయి. మొదటిది అక్షాన్ని తాకుతుంది. రెండోది 2.9, 3.1 దగ్గర రెండుసార్లు ఖండిస్తుంది. మూడోది అసలు తాకదు. రెండు వేళ్లతో (3, 0) చుట్టూ బాగా పెద్దది చేసుకుంటూ పోతే మూడూ విడిపోతాయి. ఇది చూపించాక పిల్లలకు "గ్రాఫులో తాకినట్టుంది" అన్న మాట జవాబు కాదని చెప్పక్కర్లేదు. రెండోదాన్ని 100తో గుణిస్తే 100x² − 600x + 899, అంటే (10x − 29)(10x − 31). కారణాంకం ఖండించే చోటును కచ్చితంగా చెబుతుంది, ఎంత పెద్దది చేసినా తెర చెప్పలేదు.

పదాల లెక్కల్లో యాప్ ఇంకో రకంగా తికమక పెడుతుంది. వడ్లు ఆరబోసే కల్లం వైశాల్యం 60 చదరపు మీటర్లు, పొడవు వెడల్పు కన్నా 4 మీటర్లు ఎక్కువ, వెడల్పెంత? వెడల్పు x అనుకుంటే x(x + 4) = 60, అంటే x² + 4x − 60 = 0. (x + 10)(x − 6) = 0. దీన్ని యాప్‌లో వేస్తే చాలాసార్లు రెండు నిటారు గీతలే కనిపిస్తాయి, లేదా ఏమీ కనిపించదు. కారణం, పరావలయం అడుగు (−2, −64) దగ్గర ఉంది, తెరలో అంత లోతు లేదు. మొత్తం చిన్నది చేస్తే 6, −10 ఇరుకైపోతాయి. y-అక్షం మీద వేలు పెట్టి లాగి దాన్ని మాత్రమే కుదించాలి, లేదా సెట్టింగులలో అక్షాల నిష్పత్తిని 1:10గా పెట్టాలి. అప్పుడు గిన్నె ఆకారం నిండుగా వస్తుంది. యాప్ 6, −10 రెండింటినీ చూపిస్తుంది. −10 మీటర్ల వెడల్పు కల్లం ఉండదు కాబట్టి జవాబు వెడల్పు 6, పొడవు 10. పరావలయం రెండుచోట్ల ఖండించడం తప్పు కాదు, లెక్కలోని వస్తువే ఒకదాన్ని ఒప్పుకోదు. "రుణం గనుక తీసుకోం" అన్న వాక్యం జవాబులో రాయాలి.

విసిరిన బంతి లెక్క కూడా ఇట్లాంటిదే. 2 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు 9 మీటర్ల వేగంతో నిలువుగా పైకి విసిరితే, గురుత్వ త్వరణం 10 అని తీసుకుంటే, ఎత్తు −5t² + 9t + 2. ముందు మైనస్‌ను బయటికి తీయండి: −(5t² − 9t − 2). జంట −10, +1. −(5t + 1)(t − 2). నేలను తాకేది 2 సెకన్లకు. −1/5 దగ్గర గీత అక్షాన్ని ఖండిస్తుంది కాని, విసరకముందు బంతి చేతిలోనే ఉంది. యాప్‌లో t బదులు x వేసుకోవాలి.

స్లైడర్ల గురించి ఒక మాట. ax² + bx + c అని అక్షరాలతో వేస్తే a, b, cలకు జరిపే మీటలు వాటంతట అవే వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, c మారిస్తే పరావలయం లిఫ్టులా పైకీ కిందికీ పోతుంది. కాని మామూలుగా అవి −5 నుంచి 5 వరకు, 0.1 చొప్పున కదులుతాయి. b = −4.9 దగ్గర ఆగితే కారణాంకాల లెక్కకు అది పనికిరాదు. సెట్టింగులలో ఒక్కో కదలిక (స్టెప్) 1గా, హద్దులు −15 నుంచి 15గా మార్చండి. అప్పుడు a = 1, b = −1 దగ్గర ఉంచి cని ఒక్కో అంకె జరుపుతూ పోతే 0, −2, −6, −12 దగ్గర మాత్రమే ఖండన బిందువులు పూర్ణాంకాల మీద కూర్చుంటాయి. మధ్యలో ఉన్న వాటికి దశాంశాలు వస్తాయి. ఏ సమీకరణం విడిపోతుంది, ఏది విడిపోదు అన్నది చెయ్యి పెట్టి చూసినట్టుంటుంది. ఉన్నత పాఠశాలలో పెద్ద తెర ప్యానెల్ ఉంటే ఈ ఒక్క పని తరగతి మొత్తానికి చూపించడానికి పది నిమిషాలు కేటాయించాలి.

పరీక్షలో గ్రాఫు కాగితం మీద చేత్తోనే గీయాలి, దానికి యాప్‌లోని పట్టిక అక్కరకొస్తుంది. x² − x − 12కు −4 నుంచి 5 వరకు 1 చొప్పున పట్టిక వేయమంటే 8, 0, −6, −10, −12, −12, −10, −6, 0, 8 వస్తాయి. మీరు చేత్తో కట్టిన విలువలు పక్కన పెట్టి పోల్చండి. x = −3 దగ్గర −18 వచ్చిందంటే (−3)²ను −9 అని వేశారు. కాగితం మీద x-అక్షానికి 1 సెంటీమీటరు = 1 యూనిట్, y-అక్షానికి 1 సెంటీమీటరు = 2 యూనిట్లు తీసుకుంటే మొత్తం సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తులో కుదురుతుంది. పక్కపక్కనే రెండు −12లు ఉన్నాయి గనుక (0, −12), (1, −12)లను స్కేలుతో అడ్డంగా కలిపేస్తారు, గిన్నెకు చదునైన అడుగు వచ్చేస్తుంది. అడుగు 0 కాదు, 1 కాదు, రెంటికీ మధ్యన x = 0.5 దగ్గర, y = −12.25. ఖండన బిందువులు −3, 4ల సగటు కూడా 0.5 అని గమనించండి. కారణాంకాలు తెలిస్తే అడుగు ఎక్కడో ముందే తెలిసినట్టే. అక్కడ స్కేలు పక్కనపెట్టి పెన్సిల్‌తో గుండ్రంగా తిప్పాలి.

మిగతా వాటితో పోలిస్తే: డెస్మోస్ అనే ఇంకో గ్రాఫు యాప్‌లో టైపు చేయడం ఇంతకన్నా తేలిక, ఖండన బిందువుల దగ్గర బూడిదరంగు చుక్కలు చూపిస్తుంది, f, g ఒకదానిమీద ఒకటి వేసే పద్ధతి దానిలోనూ అచ్చంగా పనిచేస్తుంది. కాని కారణాంకాలు ఇచ్చే ఆదేశం లేదు. అది లేకపోవడమే మేలనుకునే ఉపాధ్యాయులకు డెస్మోసే బాగుంటుంది. సమీకరణాలు సాధించే సైంటిఫిక్ కాలిక్యులేటర్లు మూలాలను భిన్నాలుగానే ఇస్తాయి, 0.67 గొడవ ఉండదు. అయితే గీత కనిపించదు గనుక తప్పు ఎక్కడ జరిగిందో చెప్పవు. పదో తరగతికి దానికోసం డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

రెండు తప్పులకు మాత్రం ఇట్లా గ్రాఫు గీసే యాప్‌కు సాటి లేదు. x² = 5x అంటే రెండువైపులా x కొట్టేసి x = 5 అనేవాళ్లకు y = x² − 5x గీసి చూపించండి. గీత మూలబిందువు గుండా పోతుంది, 0 అనే మూలాన్ని వాళ్లు పారేశారు. xతో భాగించకుండా x(x − 5) = 0 అని రాయాలి. ఇంకొకటి, (x − 2)(x − 3) = 2 ఇస్తే x − 2 = 2, x − 3 = 2 అని 4, 5 రాసేవాళ్లు. y = (x − 2)(x − 3) గీసి, దానికి అడ్డంగా y = 2 గీయండి. రెండూ కలిసేది 1, 4 దగ్గర. 5 దగ్గర పరావలయం ఎత్తు 6. కుడివైపు సున్నా లేనప్పుడు బ్రాకెట్లను విడదీయకూడదు, విప్పి x² − 5x + 4 = 0 చేసుకొని మళ్లీ (x − 1)(x − 4)గా విడగొట్టాలి.

వాడి చూడాలనుకునేవాళ్లు ఈ ఆరింటితో మొదలుపెట్టండి, ముందు కాగితం, తర్వాత ఫోన్: x² + 2x − 15, 2x² − 7x + 3, 4x² − 12x + 9, −x² + 2x + 8, 3x² − 12x, x² − 2x − 4. రెండోదానిలో 0.5 కనిపిస్తే 1/2 అని రాయండి. నాలుగోదానిలో బయటి మైనస్ మరిస్తే గిన్నె బోర్లపడాల్సింది నిలబడే ఉంటుంది. ఆరోదానికి జంట దొరకదు, విచక్షణి 20.